వాల్వు మొదలు గాదంకి వఱకు



చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో డెబ్బది యేండ్లు దాటిన వారిని రేడియో గుఱించి అడిగినచో, వారు సాధారణముగా రెండు వస్తువులను వర్ణింతురు. ఒకటి, పంచాయతీ చావడిలోనో గ్రంథాలయములోనో అలమారలో పెట్టి తాళము వేసిన పెద్ద పెట్టె. దాని మీట త్రిప్పిన పిమ్మట అది వేడెక్కి మాటలాడుటకు కొంతసేపు కాచుకొని యుండవలెను. రెండవది, చేతిలో ఇముడునంతటి చిన్న సెట్టు. పొలము గట్టున చెట్టుకొమ్మకు తగిలించినను, మంచెమీద పెట్టుకొన్నను, మీట త్రిప్పిన మఱుక్షణముననే అది పలుకును. మొదటి దానిని ఊరందఱు కలిసి వినిరి. రెండవ దానిని ఎవరికి వారు తమ చెంత నుంచుకొని వినిరి. ఈ రెంటికి నడుమ పెట్టె లోపల ఏమి మాఱినది, ఆ మార్పు వలన పల్లెలకు ఏమి కలిగినది, ఆ మార్పే ఇటీవల మన గాదంకిలో మఱియొక రూపమున ఎట్లు జరిగినది అను మూడు విషయములను నేటి ప్రసంగములో మనవి చేయుదును.

మొదట, రేడియో మన ప్రాంతమునకు వచ్చిన దారి తెలిసికొందము. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము అవతరించు వఱకు అది మదరాసు పాలనలోనే యుండెను. కావున మన వారికి చేరువనున్న మహానగరము మదరాసే. ఆ పట్టణమున 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టి గారు మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించిరి. అది ద్రవ్యము చాలక 1927లో మూతపడినది. తరువాత 1930లో మదరాసు నగరపాలక సంస్థ ప్రసారములను చేపట్టినది. 1938 జూన్ 16వ తేదీన అచట ఆల్ ఇండియా రేడియో కేంద్రము ప్రారంభమైనది. తెలుగు మాట ఆకాశమార్గమున మన యూళ్లకు చేరుటకు చిరకాలము ఆ కేంద్రమే ఆధారము. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వెలసినవి. అటుపిమ్మట తిరుపతిలోనే ఆకాశవాణి కేంద్రము ఏర్పడినది.

అయితే కేంద్రము వెలసినంత మాత్రమున పల్లెకు మాట చేరదు. చెఱువు నిండినంత మాత్రమున కడపటి మడి తడియదు గదా! నీరు అచటి దాక పాఱుటకు కాలువ యుండవలెను. రేడియోకు ఆ కాలువ వంటిది వినెడివాని యింటనున్న సెట్టు. ప్రసార కేంద్రమున వేలకొలది వాట్ల శక్తితో బయలుదేఱిన తరంగము, నూఱు మైళ్లు నడచి మన యేరియల్ తీగను తాకునప్పటికి మిక్కిలి బలహీనమగును. అది పుట్టించు విద్యుత్తు ఒక వోల్టులో వేయవ వంతో, అంతకన్న తక్కువయో యుండును. దానితో ఈగ రెక్క కూడ కదలదు. అట్టి దానిని లక్షల రెట్లు పెంచి, ఊరి వారికి వినబడునట్లు చేయగల సాధనము కావలెను. ఆ సాధనమే వాల్వు.

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. దానిలో సన్నని తీగ యొకటి కాగుచుండును. ఆ వేడికి తీగనుండి ఎలక్ట్రానులను సూక్ష్మ విద్యుత్కణములు వెలువడి, ఎదుటనున్న లోహపు పలక వైపు పరుగెత్తును. ఇంగ్లండులో ఫ్లెమింగు 1904లో ఇట్టి బుడ్డిని సిద్ధపఱచెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెంటి నడుమ మూడవ భాగముగా జల్లెడ వంటి తీగ నొకదానిని పెట్టెను. ఈ చిన్న జల్లెడయే కీలకము. చెఱువు తూము వద్ద నీరుగంటి చేయు పనిని తలచుకొనుడు. అతడు తూము కఱ్ఱను జానెడు పైకెత్తును. అతని చేతి బలము కొంచెమే. కాని ఆ కొంచెపు కదలిక వెనుకనున్న చెఱువు నీటి బలమునంతటిని నడపును. కఱ్ఱ ఎత్తినంత నీరు హెచ్చును, దించినంత తగ్గును. అట్లే ఏరియల్ నుండి వచ్చిన బలహీనమైన విద్యుత్తు జల్లెడను తాకి, బ్యాటరీలోని ప్రబలమైన విద్యుత్తును తన యిచ్చవచ్చినట్లు నడపును. ఇట్టి తూములను నాలుగైదింటిని వరుసగా పెట్టినచో, వినబడని మాట వీథియంతయు వినబడును.

ఇంతటి మేలు చేసిన వాల్వునకు మూడు దోషము లుండెను. మొదటిది వేడి. దాని లోపలి తీగ ఎల్లప్పుడు కుంపటి వలె రగులుచుండవలెను. మాట విన్నను వినకున్నను ఆ కుంపటికి విద్యుత్తు పోయుచునే యుండవలెను. ఇంటి కరెంటుతో నడచు అయిదు వాల్వుల సెట్టు సుమారు 40, 50 వాట్లు తినెడిది. అందులో పెద్ద భాగము వేడిగా మాఱి గాలిలో కలిసిపోయెడిది. రెండవది, పలకకు కావలసిన హెచ్చు వోల్టేజి. కరెంటు లేని యూళ్లలో ఇందుకు ఒక బ్యాటరీ, కుంపటికి వేఱొక బ్యాటరీ కావలసి వచ్చెడిది. సీసపు బ్యాటరీ చల్లాఱినప్పుడు దానిని బండిమీదనో సైకిలుమీదనో పెట్టుకొని, కరెంటు గల పట్టణమునకు మోసికొనిపోయి ఎక్కించి తేవలెను. మూడవది, అల్పాయువు. గాజు పగులును, తీగ తెగును. వాల్వు పోయినచో దూరపు పట్టణమునుండి మఱియొకటి తెప్పించువఱకు పెట్టె మూగదే.

చావడి రేడియోకు తాళము వేయుటకు కారణము ఇందువలన బోధపడును. అది ఖరీదైన వస్తువు, తిండిపోతు వస్తువు, సుకుమారమైన వస్తువు. ఒక్క కుటుంబము దానిని పోషింపజాలదు. కావున ఊరంతటికి ఒకటి యుండెను. సాయంకాలమున నియమిత సమయమునకు తెఱచి, వ్యవసాయ విషయములు, వార్తలు, సంగీతము వినిపించి, మరల మూసెడివారు.

ఇక మార్పు ఎట్లు వచ్చినదో చూతము. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున సైనికులకు మోయగల రేడియోలు, విమానములలో ఇముడు రాడారులు కావలసి వచ్చినవి. ఫిరంగి గుండు తలలోనే ఒక చిన్న రేడియోను అమర్చి, శత్రు విమానము చేరువకు రాగానే గుండు ప్రేలునట్లు చేసిరి. ఫిరంగి పేలుడు తాకిడికి పగులని చిటికెన వ్రేలంతటి వాల్వులను అందుకొఱకు తయారు చేసిరి. భాగములను కలుపుటకు తీగలను ఒక్కొక్కటిగా అతుకుటకు బదులు, పలకమీద రాగి రేఖలను అచ్చువేయు పద్ధతి ఆ కాలముననే వృద్ధి పొందినది. దీనికి మూలపురుషులలో ఒకడు, ఆస్ట్రియానుండి ఇంగ్లండు చేరిన పాల్ ఐస్లర్. అచ్చుయంత్రము పుస్తకమునకు చేసిన మేలును ఈ పద్ధతి రేడియోకు చేసినది. ఒక్క నమూనా సిద్ధమైనచో వేలకొలది పలకలు ఒకే తీరున వెలువడును.

సెట్టు విప్పి చూచిన వారికి లోపల రంగురంగుల గీతలు గల చిన్న గొట్టముల వంటి వస్తువులు కనబడి యుండును. అవి రెసిస్టర్లు. విద్యుత్తు ప్రవాహమునకు అడ్డుపడి, దానిని తగినంతకు తగ్గించుట వాని పని. వానిమీది రంగులు అలంకారము కావు. నలుపు సున్న, గోధుమ రంగు ఒకటి, ఎఱుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ అయిదు, నీలము ఆఱు, ఊదా ఏడు, బూడిద ఎనిమిది, తెలుపు తొమ్మిది. మొదటి రెండు గీతలు అంకెలు, మూడవది వాని ప్రక్కన పెట్టవలసిన సున్నల లెక్క. గోధుమ, నలుపు, ఎఱుపు వరుసగా నున్నచో ఒకటి, సున్న, ఆపై రెండు సున్నలు, అనగా 1000 ఓములు. ఇంత చిన్న వస్తువుమీద అంకెలు ముద్రించినచో చెఱగిపోవును, ఒక ప్రక్కనుండియే కనబడును. చుట్టును గీత గీసినచో ఏ ప్రక్కనుండి చూచినను తెలియును. ఇంగ్లీషు రాని మెకానిక్కు కూడ ఈ రంగుల భాషను చదువగలడు. మన తాలూకా పట్టణములలోని రేడియో మరమ్మతు దుకాణములలో ఎందఱో పిల్లలు నేర్చిన తొలి శాస్త్రపాఠము ఇదియే.

అసలు విప్లవము 1947లో జరిగినది. ఆ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనువారు జెర్మేనియమను పదార్థపు చిన్న తునకమీద రెండు బంగారు మొనలను ఆనించి, వాల్వు చేయు పనిని దానిచేత చేయించిరి. వారి నాయకుడైన విలియం షాక్లీ అంతకన్న దృఢమైన రూపమును కనిపెట్టెను. 1948 జూన్ 30వ తేదీన ఈ వార్త లోకమునకు ప్రకటింపబడినది. ఆ వస్తువునకు ట్రాన్సిస్టరు అని పేరు పెట్టిరి. ఈ మువ్వురకును 1956లో నోబెల్ బహుమానము లభించినది.

ట్రాన్సిస్టరు కూడ తూమే. కాని దీనికి గాజుబుడ్డి లేదు, కుంపటి లేదు. విద్యుత్కణములు శూన్యములో కాక గట్టి పదార్థము లోపలనే నడచును. కావున మీట త్రిప్పిన వెంటనే పలుకును. అనేక వోల్టుల బ్యాటరీ అక్కఱలేదు, టార్చిలైటులో వేయు సెల్లులు చాలును. నలువది వాట్లు తినుచోట ఒక్క వాటులోపలనే పని తీఱును. క్రిందపడినను పగులదు. వాల్వునకు మనము చెప్పుకొన్న మూడు దోషములును ఒక్క దెబ్బతో తొలగినవి.

దీనికిని ఒక లోప ముండెను. అది మన సీమవంటి ఎండప్రాంతములకు ముఖ్యమైనది. తొలి ట్రాన్సిస్టర్లు జెర్మేనియముతో చేసినవి. లోపలి వేడి 75, 80 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచో జెర్మేనియము పట్టు తప్పును. సిలికానుతో చేసినది 150 డిగ్రీల దాక నిలుచును. 1954లో అమెరికాలోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థయందు గోర్డన్ టీల్ సిలికాను ట్రాన్సిస్టరును సాధించెను. సిలికాను దుర్లభ పదార్థము కాదు. మన స్వర్ణముఖి ఇసుకలో నున్నదియు అదే. కాని ఇసుకలో అది ప్రాణవాయువుతో కలిసి యుండును. దానిని విడదీసి, కోట్లలో ఒక పాలు కల్మషమైనను లేకుండునట్లు శుద్ధి చేయుటయే కష్టమైన విద్య. ఖరీదు ఇసుకది కాదు, ఆ విద్యది.

ఆ 1954వ సంవత్సరముననే అమెరికాలో రీజెన్సీ అను పేరుతో నాలుగు ట్రాన్సిస్టర్ల జేబు రేడియో అమ్మకమునకు వచ్చినది. దాని వెల సుమారు 50 డాలర్లు. మన దేశమునకు కూడ అది గుఱుతుంచుకొనదగిన సంవత్సరము. బెంగుళూరు జాలహళ్లిలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్థాపింపబడినది ఆ యేడే. మన సీమకు ఒక పూట ప్రయాణపు దూరములోనున్న ఆ కర్మాగారము 1961లో రేడియో వాల్వులను, మఱుసటి సంవత్సరము 1962లో జెర్మేనియము ట్రాన్సిస్టరు జాతి భాగములను చేయసాగినది. 1964లో ఆకాశవాణికి ప్రసార యంత్రములను చేయుటకు పూనుకొన్నది. ఈ వరుసను గమనింపుడు. లోకము వాల్వును విడిచి ట్రాన్సిస్టరును పట్టుచున్న ఘడియలో మన దేశము రెంటిని దాదాపు ఒకేసారి చేపట్టవలసి వచ్చినది. పాత విద్య చేతికి రాకముందే క్రొత్త విద్య వాకిట నిలిచినది. అట్టి సమయమున పాతదానిని నేర్చుకొనుచునే క్రొత్తదానికి తలుపు తెఱచిన దూరదృష్టిని మెచ్చుకొనవలెను.

పల్లెలో దీని ఫలము ఏమి? చావడి పెట్టె తాళపుచెవి ఎవరి చేతనున్నదను ప్రశ్న తీఱిపోయినది. కాపు వాని మడి గట్టునకు, నేత నేయువాని మగ్గము ప్రక్కకు, పొయ్యి ముందరి స్త్రీకి, మంచముపట్టిన వృద్ధునికి రేడియో చేరినది. అంతకుముందు చావడి మెట్లెక్కుటకు కొందఱు సంకోచించెడివారు, కొందఱిని ఎక్కనిచ్చెడివారు కారు. అట్టివారి చెవికి వార్తలును, విత్తనపు సమాచారమును తమ యింటనే వినబడినవి. చట్టసభ తీర్మానము చేయని ఒక సమత్వమును ఒక చిన్న జెర్మేనియపు తునక తెచ్చినది. సెట్టునకు తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము కట్టు పద్ధతి చాలకాలము సాగి, 1980వ దశకమున రద్దయినది. దానితో ఆ కడపటి ఆటంకము కూడ తొలగినది.

నష్టము లేకపోలేదు. నలువదిమంది కలిసి విన్నప్పుడు వినుట ముగిసిన తరువాత చర్చ పుట్టెడిది. ఆ ఎరువు మన నేలకు పనికివచ్చునా, ఆ ధర మన మండీలో పలుకునా అని వాదించుకొనెడివారు. ఎవరికి వారు విన్నప్పుడు మాట చెవిని చేరును, చర్చ పుట్టదు. నేడు సెల్‌ఫోను విషయములో మన పెద్దలు చెప్పుచున్న ఫిర్యాదు ఇదియే. కాని దాని మొలక ఆ నాడే పడినదని మఱువరాదు.

ఇప్పుడు గాదంకికి పోవుటకు ముందు మీకందఱకు అనుభవములోనున్న ఒక వింతను జ్ఞప్తికి తెత్తును. పగటిపూట దగ్గఱి కేంద్రము తప్ప పలుకని మీడియం వేవు సెట్టు, రాత్రి యైనచో ఎక్కడెక్కడి భాషలనో పలుకును. కారణము సెట్టులో లేదు, ఆకాశములో నున్నది. భూమికి 60 కిలోమీటర్లకు పైగా సూర్యకాంతి వలన గాలి విద్యున్మయమై పొరలు పొరలుగా నుండును. పగటియందు క్రింది పొర ఈ తరంగములను మ్రింగివేయును. రాత్రి ఆ పొర కరగిపోగా, దాని పైనున్న పొర అద్దము వలె తరంగములను క్రిందికి త్రిప్పి పంపును. ఈ పొరల ఉనికిని ఇంగ్లండులో ఆపిల్టన్ 1924లో ప్రయోగపూర్వకముగ నిరూపించి, 1947లో నోబెల్ బహుమానము నందెను. ఆ 1947లోనే కలకత్తా ఆచార్యులు శిశిర్ కుమార్ మిత్రా గారు ఊర్ధ్వ వాయుమండలముపై రచించిన ఉద్గ్రంథము ప్రకటింపబడి లోకప్రసిద్ధమైనది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి. రామచంద్రరావు గారు ఈ పరిశోధనను తెలుగునాట నెలకొల్పిరి. రేడియో మాట మోయుటకు మాత్రమే కాదు, ఆకాశమును తడవి చూచుటకు కూడ పనికివచ్చునని వీరందఱు చూపిరి.

ఆ పని మన సీమయందు జరుగుచున్న చోటు గాదంకి. తిరుపతి నుండి చిత్తూరు పోవు దారిలో కొండల నడుమ నున్న ఆ గ్రామమున అంతరిక్ష శాఖవారు ఒక మహారాడారును నిర్మించిరి. దాని నిర్వహణ సంస్థ 1992లో ఏర్పడినది. రాడారు 1993లో సంపూర్ణముగ పని చేయసాగినది. ఆ సంస్థకు 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల యను పేరు వచ్చినది. అచట గిన్నె వంటి ఏంటెన్నా లేదు. ఒకప్పుడు మిద్దెలమీద టీవీ కొఱకు నిలిపిన చేపముల్లు వంటి కడ్డీలు మీకు జ్ఞాపకముండును. వానికి జపాను శాస్త్రజ్ఞుని పేరిట యాగి ఏంటెన్నాలని పేరు. అట్టివి ఆకాశమువైపు ముఖము పెట్టి, వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తము 1024 స్థానములలో నున్నవి. అవి పంపు తరంగము సెకనుకు 5 కోట్ల 30 లక్షల సారులు ఊగును. దాని పొడవు సుమారు 5.7 మీటర్లు.

ఇన్ని ఏంటెన్నా లెందులకు? తిరునాళ్లలో రథము లాగుటను తలచుకొనుడు. వందలమంది మోకును పట్టుకొందురు. ఒక్కొక్కని బలము అల్పము. గోవిందనామము పలికినంతనే అందఱు ఒక్క క్షణమున లాగినచో రథము కదలును. తలకొక క్షణమున లాగినచో కదలదు. ఈ 1024 ఏంటెన్నాలు కూడ ఒక్క తాళమున తరంగమును పంపుటచే వాని బలమంతయు ఒక సన్నని కిరణముగా పైకి పోవును. మఱి రథమును మలుపు త్రిప్పవలెనన్న ఏమి చేయుదురు? ఒక ప్రక్కవారు ముందుగను, రెండవ ప్రక్కవారు రవంత ఆలస్యముగను లాగుదురు. గాదంకిలోను అంతే. ఒక ప్రక్క ఏంటెన్నాలకు సంకేతమును లేశమాత్రము ఆలస్యముగా అందించినచో కిరణము వంగును. ఒక్క కడ్డీనైనను కదల్చనక్కఱ లేదు.

ఆ కిరణము మేఘము లేని నిర్మలాకాశమున కూడ గాలిలోని సుడులను తాకి, అత్యల్పమైన ప్రతిధ్వనిగా తిరిగి వచ్చును. 15 కిలోమీటర్ల ఎత్తునుండి తిరిగి వచ్చుటకు సెకనులో పదివేలవ వంతు కాలము పట్టును. ఆ కాలమును బట్టి ఎత్తు తెలియును. పాకాల జంక్షనులో రైలు మన వైపు వచ్చునప్పుడు కూత సన్నముగను, దాటిపోవునప్పుడు బొంగురుగను వినబడును గదా! అట్లే తిరిగివచ్చిన తరంగపు ఊగులో హెచ్చుతగ్గులను బట్టి గాలి వేగము తెలియును. ఈ విధముగ 20 కిలోమీటర్లకు పైవఱకు గాలులను, మరల 60 నుండి 90 కిలోమీటర్ల నడిమి పొరను, ఆపైని విద్యున్మయ పొరలను పరిశీలింతురు. నైరృతి ఋతుపవన కాలమున మన తలలపై సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో తూర్పుగాలి యొకటి నదివలె పాఱును. దానిని 1958లో లోకమునకు వివరించినవారు తెలుగువారైన పంచేటి కోటేశ్వరం గారు. ఆ గాలి నదిని గాదంకి రాడారు కొలుచుచున్నది. ఇది రేపు వాన పడునా అని జోస్యము చెప్పు యంత్రము కాదు. వానకు, పిడుగుకు, తుపానుకు మూలమైన గాలుల నడవడిని తెలిసికొను పరిశోధనాలయము. ఆ తెలివి పెరిగినకొలది జోస్యము చెప్పువారి తప్పులు తగ్గును.

ఇక నేను మొదట చెప్పిన మార్పు ఇచట ఎట్లు జరిగినదో వినుడు. ఆ రాడారును నిర్మించినప్పుడు దానికి 32 ప్రసార యంత్రము లుండెను. ఒక్కొక్కటి 32 ఏంటెన్నాలకు శక్తి నందించెడిది. 20 వేల వాట్లు మొదలు లక్షా 20 వేల వాట్ల వఱకు గల ఆ యంత్రముల తుది దశలలో నుండినవి వాల్వులే. ఇంటి రేడియోలో మూలబడిన వాల్వు, గొప్ప శక్తి కావలసిన చోట మాత్రము మఱి కొన్ని దశాబ్దములు రాజ్యము చేసినది. ఇటీవలి సంవత్సరములలో మన శాస్త్రజ్ఞులు వానిని తొలగించి, ప్రతి ఏంటెన్నాకు వేయి వాట్ల ట్రాన్సిస్టరు యంత్రము నొక్కొక్కటి చొప్పున 1024 అమర్చిరి. ఒక్క పెద్ద యంత్రము నుండి ముప్పదిరెంటికి పంచిపెట్టునపుడు త్రోవలో కొంత శక్తి వృథాయగును. ఎవరి యంత్రము వారికే యున్నప్పుడు ఆ వృథా తగ్గును, కిరణమును కోరిన దిక్కునకు వేగముగ మఱల్చుటయు సాధ్యమగును. పెద్ద వాల్వు యంత్రము ఒకటి చెడినచో 32 ఏంటెన్నాలు మూగపోవును. ఇప్పుడు ఒకటి చెడినచో ఒక్కటియే ఆగును, తక్కిన 1023 పని సాగించును. చావడి పెట్టె పోయి ఇంటింట ట్రాన్సిస్టరు వచ్చిన కథయే అచటను జరిగినది. ఒక్క విశేషము మాత్రము కలదు. మన యిండ్లలోని సెట్లు ఎవరి దారి వారివి. గాదంకి సెట్లు వేఱువేఱుగా నున్నను ఒక్క తాళమున పలుకును. చిన్నవైన భాగములు కలిసి పనిచేయుట నేర్చినచో ఎంతటి దూరమునైనను చేరునని ఆ పొలము చెప్పుచున్నది.

ఈ కథ నుండి మనము గ్రహింపదగినవి రెండు గలవు. మొదటిది జాగ్రత్త. 2021 నవంబరు నెలలో మన సీమను ముంచిన వానలను ఎవరును మఱువలేరు. స్వర్ణముఖి పొంగినది. కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట 19వ తేదీన తెగి, దిగువ పల్లెలు కొట్టుకొనిపోయి ప్రాణనష్టము కలిగినది. అట్టి రాత్రులలో కరెంటు పోవచ్చును, సెల్‌ఫోను స్తంభము మూగపోవచ్చును, ఫోనులో ఛార్జి అయిపోవచ్చును. సెల్లులతో నడచు చిన్న రేడియోకు దూరమున సురక్షితముగనున్న ఒక్క ప్రసార స్తంభము చాలును. అది అనేక గ్రామములకు ఒకేసారి మాట చెప్పగలదు. కావున ఇంటికొకటి కాకున్నను, ఏటిగట్టు పల్లెలలో వీథికొకటియైనను సెల్లుల రేడియో నుంచుకొనుడు. వాడని దినములలో సెల్లులను తీసి వేఱుగా పొడిచోట నుంచుడు. లోపలనే విడిచినచో అవి కారి, సెట్టు చెడును. ఎఱుగినవారు ముందుగా విని పొరుగువారిని లేపినచో, పాత చావడి ధర్మము క్రొత్త సెట్టుతో మరల జీవించును.

రెండవది విద్య. రేణిగుంట చెంతను, శ్రీసిటీలోను నేడు ఎలక్ట్రానిక్ వస్తువుల కర్మాగారములు వెలసినవి. మన పిల్లలు అచట భాగములను కూర్చుచున్నారు. కూర్చుట ఒక మెట్టు. ఆ భాగము లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట పై మెట్టు. అట్టి భాగమును తామే కల్పించుట ఇంకను పై మెట్టు. గాదంకిలో ఆ పై మెట్టు మీద నిలిచినవారిని చూచితిమి. తిరుపతిలో 1954 నుండి వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 2015 నుండి ఐఐటీ కలవు. విద్య దూరమున లేదు. మీ యింటి అటకమీద మూలుగుచున్న పాత సెట్టును మనుమడో మనుమరాలో విప్పబోయినచో కసరకుడు. గోడ కరెంటుతో నడచు వాల్వు సెట్టు మాత్రము ముట్టనీయకుడు, అందులో ప్రాణము తీయగల విద్యుత్తు మిగిలియుండవచ్చును. సెల్లుల సెట్టు నిచ్చి, రంగు గీతలను చదువుట నేర్చుకొమ్మనుడు. గోధుమ, నలుపు, ఎఱుపు అని లెక్క పెట్టిన పిల్లవాడు, రేపు గాదంకి కొండల నడుమ ఒక వేయి యిరువదినాలుగు యంత్రములను ఒక్క తాళమున నడపువాడు కావచ్చును.